పదకొండో గింజ

ఈసారి బడి తెరవడానికి రెండు రోజుల ముందు, ఒకటో తరగతి గదిలో మోకాళ్ల మీద నడుస్తున్నాను. ముందురోజు రాత్రి వాన పడింది. షాబాదు బండలు ఇంకా తడి ఆరక చల్లగా ఉన్నాయి. ఆ చల్లదనం చీరలోంచి మోకాలి చిప్పకు తగలగానే ఒళ్లు జివ్వుమంది. యాభై దగ్గరపడుతున్న మనిషిని. మెట్లు కూడా ఎక్కువగా ఎక్కొద్దని డాక్టరు చెప్పాడు. పైగా గాజులరామారంలోని ఒక సర్కారు బడికి ప్రధానోపాధ్యాయురాలిని. అలాంటి నన్ను ఆ అవతారంలో చూసి, కొత్తగా ఉద్యోగంలో చేరిన స్వాతి గుమ్మంలోనే ఆగిపోయింది. "మేడం, ఏమన్న పడిపోయిందా? చెవి కమ్మనా?" అంటూ తనూ వంగి వెతకబోయింది. "ఏం పోలేదమ్మా, గదిని సూస్తున్న" అన్నాను. ఈ పెద్దావిడకు ఏమైందోనన్న అనుమానం ఆ పిల్ల ముఖంలో కనబడింది. ఆ అనుమానం నాకు పాత చుట్టమే. ఒకప్పుడు నేనూ ఇదే ముఖం పెట్టుకొని, ఇలాంటి బండల మీదే, ఒక పొట్టి మనిషి ఎదురుగా నిలబడ్డాను. ఆమె పేరు అనసూయ టీచర్. ఆమెను ఎరగని వాళ్లకు ఆమె గురించి చెప్పాలని ఎన్నేళ్లుగానో అనుకుంటున్నాను. ఈ రోజు మోకాళ్లే గుర్తు చేశాయి.

అవి తొంభైల చివరి రోజులు. మా నాయిన మేడ్చల్ బస్టాండు వెనక చిన్న డబ్బా కొట్టులో బట్టలు కుట్టేవాడు. నేను ఇంటర్ పాసై, టీచర్ ట్రైనింగులో సీటు రాక, ఆయన మిషను పక్కన కూర్చొని కాజాలు కుట్టేదాన్ని. శామీర్‌పేట చెరువు దిగువనున్న ఒక ఊరి బడికి విద్యా వాలంటీరు కావాలని తెలిసి దరఖాస్తు పెడితే ఉద్యోగం వచ్చింది. ఉద్యోగమంటే పెద్దదేం కాదు, ఏటికేడు ఉంటుందో ఊడుతుందో తెలియనిది. అయినా నాకు ఏనుగు ఎక్కినంత సంబరం. బడిలో రెండు గదులు, ఒక వరండా, ఐదు తరగతులు. వాటన్నిటికీ కలిపి ఒక్క టీచరు. ఆమే అనసూయ టీచర్.

అప్పటికే ఆమెకు యాభై దాటాయి. గంజి పెట్టిన నూలు చీర, చేతికి మగవాళ్ల గడియారం, భుజానికి ఒక సంచి. అల్వాల్ నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఆ సంచిలో అన్నం డబ్బా ఒక్కటే పనికొచ్చే వస్తువు అనుకునేదాన్ని. మిగతాదంతా సోడా మూతలు, ఖాళీ అగ్గిపెట్టెలు, కొబ్బరి చిప్పలు, ఎవరింట్లోనో విరిగిన గరిటె. కండక్టర్ ఆమెను చూడగానే, "టీచరమ్మా, ఇయ్యాల ఏం చెత్త దెచ్చినవ్?" అని ఆటపట్టించేవాడట. "నీ బస్సు తునకలైనంక అదిగూడ అడుక్కపోతలే" అని ఈమె జవాబు. నోటి దురుసు మనిషే. కానీ ఆమె తిట్టిందంటే వెనకాలే ఒక పని నేర్పబోతోందని నాకు కొద్ది రోజులకే అర్థమైంది.

మొదటి వారమే నాకు ఒకటో తరగతి గది అప్పజెప్పింది. "ఇది నీ గది బిడ్డా. పిల్లలొచ్చే యాళ్లకు సక్కగ జెయ్యి" అంది. నేను రెండు రోజులు కష్టపడ్డాను. మేడ్చల్‌లో రంగు కాగితాలు కొన్నాను. అక్షరాల చార్టులు, పండ్ల బొమ్మలు, కూరగాయల బొమ్మలు నా చేత్తో గీశాను. బల్ల మీద స్టూలు వేసుకొని ఎక్కి, పిల్లలు చింపకుండా, చెయ్యి తగలకుండా, గోడ పైఅంచున వరుసగా కట్టాను. దూలానికి కాగితం పూలు వేలాడదీశాను. గది పెళ్లి పందిరిలా మెరిసిపోయింది. టీచర్ వచ్చి నడుము మీద చేతులు పెట్టుకొని చుట్టూ చూసింది. మెచ్చుకుంటుందని నేను ముఖం వెలిగించుకొని నిలబడ్డాను.

"మంచిగున్నది. ఎవరి కోసం కట్టినవ్?"

"పిల్లల కోసం టీచర్."

"అయితే మోకాళ్ల మీద కూసో. గట్లనే గదంత తిరుగు. ఏం కనవడితే అది జెప్పు."

పరాచికమనుకున్నాను. కాదని ఆమె ముఖం చెప్పింది. సిగ్గుపడుతూ కూర్చొని నడవడం మొదలుపెట్టాను. ముందుగా బెంచీల కాళ్లు కనబడ్డాయి. బెంచీల అడుగున ఎన్నేళ్లవో ఎండిన చీమిడి మరకలు. కిటికీ కింద, సరిగ్గా నా కంటి ఎత్తులో, తుప్పు పట్టిన మేకు. టీచరు కుర్చీ సింహాసనంలా ఎత్తుగా ఉంది. తలెత్తి చూస్తే నేను గీసిన బొమ్మలన్నీ ఎక్కడో ఆకాశంలో ఉన్నాయి. మామిడిపండేదో వంకాయేదో తెలియలేదు. "బెంచీల కాళ్లు టీచర్. ఒక మేకు. ఇంకేం లేదు" అన్నాను.

"ఆరేండ్ల పిల్లకు గీ గదిల ఉన్నది గంతే బిడ్డా. ఒక మేకు" అంది ఆమె. తర్వాత వంగి, తన చేత్తోనే ఆ మేకు పీకింది.

గది మూలన ఒక ఇనుప పెట్టె ఉండేది. సర్కారు ఎప్పుడో పంపిన ఆటవస్తువులు అందులో ఉన్నాయని చెప్పుకునేవారు. ఒక పెద్దసారు బదిలీ అయితే తాళంచెవి ఇంకో పెద్దసారు చేతికి వచ్చేది, అంతే. ఒక్క బొమ్మ విరిగినా పైవాళ్లకు జవాబు చెప్పాలన్న భయంతో ఎవరూ దాన్ని తెరవలేదు. ఆ మధ్యాహ్నం అనసూయ టీచర్ తాళం తీసింది. లోపల చెక్క దిమ్మెలను చెదలు తినేశాయి. రబ్బరు బంతి కరిగి అడుక్కు అంటుకుపోయింది. ప్లాస్టిక్ ఆవు, ఏనుగు పెట్టెలోని వేడికి మెత్తబడి ఒకదానికొకటి అతుక్కున్నాయి. ఆమె వాటిని చాలాసేపు చేతుల్లో పట్టుకొని కూర్చుంది. "ఇన్నేండ్లు తాళమేసి కాపాడినం. ఎవల నుంచి కాపాడినమే? పిల్లల నుంచే గదా" అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరగడం నేను చూడటం అదే మొదటిసారి.

మర్నాడు బెంచీలన్నిటినీ వరండాలోకి మోశాము. గదిని పాత చీరలతో నాలుగు మూలలుగా విడగొట్టాము. ఒక మూల ఇల్లు. అందులో మూడు ఇటుకల పొయ్యి, కొబ్బరి చిప్పల గిన్నెలు, మా నాయిన కొట్టులో మిగిలిన బట్టముక్కలతో కుట్టిన బొమ్మలు. ఒక మూల మట్టి. చెరువు గట్టు నుంచి తెచ్చిన నల్లమట్టి, ఒక తొట్టి నీళ్లు. ఇంకో మూల పుస్తకాలు, దారానికి గుచ్చిన అక్షరాల అట్టముక్కలు. నాలుగోది అంగడి. అల్వాల్ కిరాణా కొట్టులో మూలన పడేసిన తక్కెడ ఒకటి టీచర్ అడిగి తెచ్చింది. దాని పక్కన పాల డబ్బాల నిండా చింతగింజలు, సోడా మూతలు, గులకరాళ్లు. ప్రతి వస్తువూ పిల్లల చేతికి అందాలి, అదొక్కటే ఆమె పెట్టిన నియమం. "పలిగిపోతే టీచర్?" అంటే "పలిగేది పలుగుతది. ఇంట్ల గిన్నెలు పలుగుతలేవా, అన్నం వండుడు బంద్ జేసినమా?" అనేది.

మొదటి వారం నా తలప్రాణం తోకకొచ్చింది. ముప్పై మంది పిల్లలు. తక్కెడ కోసం జుట్టు జుట్టు పట్టుకున్నారు. ఒకడి కంట్లో మట్టి, ఇంకొకత్తె ముక్కులో చింతగింజ. సాయంత్రానికి గది సంత విడిచిన మైదానంలా ఉండేది. "నావల్ల గాదు టీచర్, బెంచీలు తెచ్చుకుందాం" అని ఏడుపు ముఖం పెట్టాను. ఆమె సున్నం కలిపిన డబ్బా తెచ్చి, ఒక్కో వస్తువునూ దాని చోట పెట్టి, చుట్టూ నేల మీద గీత గీసింది. గిన్నెకు గుండ్రటి గీత, గరిటెకు గరిటె గీత, తక్కెడకు తక్కెడ గీత. మర్నాడు సాయంత్రం గంట కొట్టగానే, "ఇగ ఎవలి ఇంటికి వాండ్లను తోలుండ్రి" అంది. పిల్లలు గరిటె పట్టుకొని గరిటె గీత కోసం పరుగులు తీశారు. ఆట ముగించి సర్దడం కూడా ఆటైపోయింది. రూపాన్ని రూపంతో జతచేయడం అక్షరాలకు తొలిమెట్టని నేను తర్వాత ట్రైనింగులో పుస్తకంలో చదివాను. అప్పటికే ఆ పాఠం సున్నపు గీతల దగ్గర నేర్చుకొని ఉన్నాను కనుక మిగతావాళ్ల కన్నా గర్వంగా కూర్చున్నాను.

కానీ ఊరు ఊరుకుంటుందా? బడి కమిటీకి చైర్మన్ రాజిరెడ్డి పటేల్. భూములున్న ఇల్లు, మాటకు బలమున్న మనిషి. ఆయన మనవడు కూడా మా ఒకటో తరగతిలోనే ఉన్నాడు. ఆ పిల్లవాడు ఇంటికి వెళ్లి, "తాతా, ఇయ్యాల నేను అన్నం వండిన" అని చెప్పాడట. మర్నాడే పటేల్ ఉరుము లేని పిడుగులా దిగాడు. గుమ్మంలో నిలబడి చీరల తెరలు, మట్టి చేతులు, కేకలు అన్నీ చూశాడు.

"ఏంది టీచరమ్మా గిది? బడా, జాతరా?"

"బడే పటేలా. లోపటికి రాండ్రి."

"ఆడుకునుడు ఇంటికాడ లేదా? గా పసుపురంగు బండ్లెక్కి రోడ్డు మీది ప్రైవేటు బడికి పోయెటోళ్లు ఇంగ్లీషుల పద్యాలు సదువుతుండ్రు. మావోళ్లు అన్నాలు వండుతుండ్రు." ఆయన గొంతులో కోపం కన్నా దిగులు ఎక్కువగా వినబడింది నాకు. "దసరా దాకా సూస్త. గప్పటికి లెక్కలు రాకుంటే గీ మూలలన్నీ తీసేసి బెంచీలెయ్యాలె. లేకుంటే ఊరంత పిల్లల్ని బండెక్కిస్తం."

"సరే పటేలా. దసరాకు మీరే వచ్చి అడుగుండ్రి. రాకుంటే బెంచీలు నేనే మోసుకొస్త" అంది అనసూయ టీచర్, చేతికంటిన మట్టిని తుడుచుకోకుండానే.

ఆయన వెళ్లాక హాజరుపట్టీ తీసి పేర్లు లెక్కపెట్టాను. పిల్లలు తగ్గితే నా ఉద్యోగం పోతుంది, అది సరే. కానీ ఆ గది పోతుందన్న ఊహే భరించలేకపోయాను. అప్పటికి ఆ గది నాది కూడా అయిపోయింది. దసరాకు మూడు నెలల గడువు. ఆ భయంలో నేను ఒక పని మొదలుపెట్టాను. రోజూ పొద్దున, మూలలు తెరవకముందే, ఒక్కొక్కరినీ పిలిచి "పది గింజలు పెట్టు" అనేదాన్ని. సరిగ్గా పెట్టినవాళ్లకు కుడి పక్క చోటు, పెట్టనివాళ్లకు గోడ పక్క. టీచర్ చూస్తూ ఉండేది.

గోడ పక్కన రోజూ మిగిలే పిల్ల రేణుక. వాళ్లవి చెరువు మీద బతికే ఇళ్లు. తండ్రి వల వేస్తే, తల్లి పోచమ్మ ఆ చేపలను గంపలో పెట్టుకొని అల్వాల్ తీసుకెళ్లి అమ్మేది. రేణుక నోరు విప్పి మాట్లాడటం అరుదు. పది గింజలు పెట్టమంటే పెడుతుంది, లెక్క చూస్తే పదకొండు. "మల్ల జూస్కో" అంటే చూసుకుంటుంది, మళ్లీ పదకొండు. ఐదు పెట్టమంటే ఆరు. మూడు వారాలు ఇదే తంతు. ఒకరోజు విసుగొచ్చి, "గింత సిన్న లెక్క రాదా నీకు?" అని అందరి ముందూ కసిరాను. ఆ రోజు అంగడి మూలలోకి వెళ్లొద్దని కూడా చెప్పాను. ఆ పిల్ల ఏడవలేదు. గోడకు ఆనుకొని కూర్చొని, అంగడి వైపే చూస్తూ ఉండిపోయింది. ఈ మాట తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంటుంది.

మధ్యాహ్నం టీచర్ నన్ను పక్కకు పిలిచింది. "రేణుకను అంగట్ల కూసోవెట్టు. నేను కొనేటి గిరాకి లెక్క పోత. నువ్వు నోరు మూస్కొని దాని చెయ్యి జూడు" అంది. అంగడి మూలలో తక్కెడ ముందు రేణుక కూర్చుంది. టీచర్ బండ మీద చతికిలబడి, "పది చేపలియ్యి బిడ్డా" అంది. రేణుక కుడిచేత్తో ఒక్కో చింతగింజనూ తీసి పెట్టింది. పెదవులు కదులుతున్నాయి. పదో గింజతో చెయ్యి ఆగింది. కాసేపు టీచర్ ముఖంలోకి చూసింది. అప్పుడు ఎడమచేత్తో డబ్బాలో వెతికి, అన్నిటికన్నా చిన్న గింజను ఏరి, పోగు పైన పెట్టింది.

"గిదేంది?" అంది టీచర్, ఏమీ తెలియనట్టు.

"కొసరు" అంది రేణుక. ఆ పిల్ల గొంతు అంత స్పష్టంగా నేను వినడం అదే మొదటిసారి. "కొసరెయ్యకుంటే మల్ల మనకాడికి రారు. మా అమ్మ జెప్పింది."

మూడు వారాలుగా ఆ పిల్ల నాకు తప్పు లేకుండా పది లెక్కపెట్టి, నేను మళ్లీ తన దగ్గరికి రావాలని పైన ఒకటి వేస్తోంది. నేను ఆ ఒక్కదాన్ని చూసి ఆ పిల్లను గోడకు చేర్చాను. తర్వాత వరండాలో బెంచీ మీద కూర్చొని ఏడ్చాను. టీచర్ పక్కన కూర్చొని తన డబ్బాలోని అన్నం సగం నాకు పెట్టింది. "నువ్వు గింజలు లెక్కవెట్టినవ్. అది బేరం జేసింది. ఇద్దరి లెక్కా కరెక్టే" అంది. "ఇగ ఏడువకు. తప్పు వెట్టే ముందు చెయ్యి జూడాలె బిడ్డా. ఏ గింజ ఏ చేత్తోటి వచ్చిందో జూడాలె." నా జీవితంలో ఏ శిక్షణ తరగతిలోనూ ఇంతకు మించిన మాట ఎవరూ చెప్పలేదు. పొద్దుటి పరీక్షను ఆ రోజుతోనే మానేశాను. రేణుకకు అంగడి తిరిగి ఇచ్చేశాను. ఆ పిల్ల మిగతా పిల్లలందరికీ కొసరు నేర్పింది. ఇక గదిలో ఎవరు ఎవరికి ఏమిచ్చినా లెక్క ఒకటి, కొసరు ఒకటి.

దసరా సెలవులకు ముందురోజు కమిటీ వచ్చింది. పటేల్ తెల్ల ధోవతి కట్టుకొని ముందు కుర్చీలో కూర్చున్నాడు. వెనక తల్లులు, తండ్రులు. పోచమ్మ అమ్మకం మానుకొని వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ముందురోజు నేను గదిని మళ్లీ అలంకరించబోతే టీచర్ ఒప్పుకోలేదు. "ఉన్నది ఉన్నట్టు సూపిద్దాం" అంది. పిల్లలు ఎవరి మూలల్లో వాళ్లు ఆడుతున్నారు. పటేల్ ఇద్దరు ముగ్గురిని అక్షరాలు అడిగాడు. కొన్ని చెప్పారు, కొన్ని తడబడ్డారు. ఆయన పెదవి విరిచాడు. తర్వాత లేచి అంగడి ముందుకు వచ్చాడు. నా దురదృష్టం కొద్దీ ఆ రోజు అంగడి రేణుకది.

"పది గింజలు వెట్టు" అన్నాడు.

రేణుక కుడిచేత్తో పది పెట్టింది. ఆగింది. ఆయన ముఖంలోకి చూసింది. ఎడమచేయి డబ్బాలోకి వెళ్లింది. పటేల్ వేలితో జరుపుతూ లెక్కపెట్టాడు. "పదకొండు!" అని వెనక్కి తిరిగాడు. "సూసిండ్రా? మూడు నెలలు ఆడిచ్చి నేర్పిన లెక్క గిది." వెనక ఎవరో నవ్వారు. పోచమ్మ తల దించుకుంది. నేను టీచర్ వైపు చూశాను. ఆమె కదల్లేదు, నా వైపే చూస్తోంది. చెప్పాల్సింది నేనని అర్థమైంది. చెప్పేద్దామని నోరు తెరిచాను కూడా. కానీ ఆ పిల్ల తరఫున నేను లెక్క చెబితే మళ్లీ అదే గోడ అవుతుందనిపించింది. "పటేలా, పదకొండు ఎందుకైందో దాన్నే అడుగుండ్రి" అన్నాను.

"ఎందుకే?" అన్నాడాయన.

"లెక్క పది. గిది కొసరు."

పటేల్ కనుబొమలు ముడిపడ్డాయి. "కొసరా? అట్లనా! అయితే నాకు ముప్పయి కావాలె, ఇయ్యి." ఆయన గొంతు మారింది. అది పరీక్ష చేసే గొంతు కాదు, బేరగాడి గొంతు. రేణుక పది చొప్పున మూడు పోగులు పెట్టింది. మూడో పోగు పక్కన చిన్న గింజ ఒక్కటి పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"మోసం! మూడు పోగులకు మూడు కొసర్లు గావాలె" అన్నాడు పటేల్.

"మూడుపార్లు రాలేదు గద పటేలా, ఒక్కపారే గద వచ్చినవ్" అంది రేణుక. తలుపు దగ్గర పోచమ్మ "అయ్యో" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పటేల్ ఒక్క క్షణం ఆ పిల్లను చూసి, గది కప్పు ఎగిరేలా నవ్వాడు. "మొత్తమెన్ని గింజలయినయే?" అన్నాడు నవ్వుతూనే. "ముప్పయొక్కటి" అన్న జవాబు నేను ఊపిరి తీసుకునేలోపే వచ్చింది. ఆయన పక్కనే బుట్ట పట్టుకొని నిలబడ్డ మనవడి వైపు తిరిగి, "నీకొస్తదారా గిట్ల?" అన్నాడు. "తాతా, ఇయ్యాల నేను గిరాకి. రేపు నాదంగడి" అన్నాడు వాడు, వరుసలో ఆయనను కొంచెం పక్కకు జరుపుతూ. రేపు సెలవన్న సంగతి ఎవరూ వాడికి గుర్తు చేయలేదు. పటేల్ వెళ్తూ వెళ్తూ వరండాలో ఆగి అక్కడి బెంచీ మీద కూర్చున్నాడు. "గివి ఈడనే ఉండనియ్యుండ్రి టీచరమ్మా. మేమొచ్చినప్పుడు కూసోనీకి పనికొస్తయి" అన్నాడు.

అందరూ వెళ్లాక నేను సంతోషంతో గెంతులు వేయబోయాను. టీచర్ తక్కెడను సున్నపు గీతలో పెడుతూ, "ఇయ్యాల నువ్వు చెప్పలే, పిల్లను చెప్పనిచ్చినవ్. ఇగ నువ్వు టీచరువైనవ్" అంది. ఆ తర్వాత నాకు ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది, సన్మానాలు కూడా ఒకటి రెండు జరిగాయి. శాలువాలు బీరువాలో ఉన్నాయి. ఆ మాట మాత్రం రోజూ నాతోనే బడికి వస్తుంది.

నిజం చెప్పాలంటే, మరుసటి ఏడు పటేల్ మనవడు పసుపురంగు బండే ఎక్కాడు. ఇంట్లో కోడలు పట్టుబట్టిందట. కానీ చెరువు ఇళ్ల పిల్లలు ఒక్కరూ కదల్లేదు. పటేల్ తన ట్రాక్టరుతో మట్టి మూలకు ఇసుక తోలించాడు. పక్క ఊళ్ల టీచర్లు మా గదిని చూడటానికి వచ్చేవారు. వాళ్లకు అనసూయ టీచర్ ముందు చెప్పే మాట ఒక్కటే, "సూసుడు గాదు, మోకాళ్ల మీద కూసోండ్రి". పెద్ద పెద్ద సార్లు ప్యాంటు మడతలు నలుగుతాయని మొహమాటపడుతుంటే నాకు లోలోపల ఎంత ఆనందమో.

కొన్నేళ్లకు నేను ట్రైనింగు పూర్తిచేసి, ఉద్యోగం తెచ్చుకొని వేరే బడికి వెళ్లాను. ఆమె పదవీ విరమణ రోజున అదే వరండాలో, అవే బెంచీల మీద అందరం కూర్చున్నాం. దండలు, ఉపన్యాసాలు అయ్యాక ఆమె తన సంచిలోంచి పాల డబ్బా తీసి నా చేతిలో పెట్టింది. అంగడి మూలలోని చింతగింజలు. పిల్లల చేతుల్లో తిరిగి తిరిగి నున్నగా మెరుస్తున్నాయి. "నూరు గింజలున్నయ్ బిడ్డా. తాళమెయ్యకు" అంది. ఆమె ఇప్పుడు లేదు. డబ్బా మూత తుప్పు పట్టి రెండుసార్లు మారింది. గింజలు అవే. ఒక్కటీ పోలేదంటే నా గొప్ప కాదు, సాయంత్రం వాటి ఇంటికి వాటిని తోలే పిల్లల గొప్ప.

ఇదంతా స్వాతికి చెప్పి ముగించేసరికి బండలు ఆరిపోయాయి. గూట్లోంచి ఆ డబ్బా తీసి ఆ పిల్లకు ఇచ్చి, "నూరున్నయ్, సూస్కో" అన్నాను. స్వాతి నేల మీద పోసి, పది చొప్పున పోగులు పెట్టింది. పది పోగులయ్యాక వేళ్ల మధ్య ఒక చిన్న గింజ మిగిలింది. మళ్లీ లెక్కపెట్టింది. "ఒకటి ఎక్కువుంది మేడం. లెక్క తప్పింది, తీసెయ్యనా?"

ఆ పదవీ విరమణ సాయంత్రం మేడ్చల్ బస్సులో, డబ్బాను ఒళ్లో పోసుకొని నేనూ ఇలాగే రెండుసార్లు లెక్కపెట్టాను. అన్నిటికన్నా చిన్న గింజ అప్పుడూ చివరనే మిగిలింది. కండక్టర్ టికెట్ అడిగితే, పైసలకు బదులు ఆ గింజ ఉన్న చెయ్యి చాపాను.

"లెక్క తప్పలేదమ్మా. అది కొసరు. మా టీచర్ నాకేసింది. ఇగ నీది" అన్నాను.

స్వాతి ఆ గింజను అరచేతిలో పెట్టుకొని కాసేపు చూసింది. తర్వాత, నేనేమీ చెప్పకుండానే, చున్నీని నడుముకు కట్టుకొని మోకాళ్ల మీద కూర్చుంది.